మెదడునకు ముందుకాపు, జ్ఞాపకమునకు రక్ష

పండ్రెండు మాటలతో ఈ వ్యాసము నారంభించెదను: మామిడి, చెంబు, చిలుక, వేప, బిందె, కొంగ, చింత, గరిటె, కాకి, రావి, పళ్ళెము, పిచ్చుక. ఈ మాటలను తొందరపడక, ఒక్కొక్కదాని తరువాత రెండు క్షణము లాగుచు, ఎదుట గూర్చున్నవారికి చదివి వినిపించి, జ్ఞాపకమున్నన్ని చెప్పుడని కోరినచో, ఆరోగ్యముగా నున్న నడివయస్సువారు మొదటిసారి ఆఱో యేడో చెప్పుదురు. రెండవమాఱు చదివిన పిమ్మట మఱి రెండు కూడును. మూడవమాఱు వచ్చుసరికి, వీనిలో నాలుగు చెట్లు, నాలుగు పాత్రలు, నాలుగు పక్షులు ఉన్నవని మనస్సు తనంత తానే వింగడించుకొని, దాదాపు అన్నింటిని అప్పగించును. పరీక్ష ఇంతటితో ముగిసినట్లే తోచును గాని ముగియలేదు. మాట మార్చి, లెక్కలో గీతలో వేఱొక పని చేయించి, ఇరువది నిమిషములకు పైగా గడచిన తరువాత, మాటలను మఱల చదువకయే, "ఇందాక విన్న మాటలు ఇప్పుడు చెప్పండి" అని యడుగుదురు. అసలు పరీక్ష అదియే. విన్నది మనస్సులో దిగి నిలిచినదా, గడప దాటకమునుపే జారిపోయినదా అనునది అప్పుడు తెలియును.

అమెరికాలో హాప్‌కిన్స్ పేర వెలసిన వాక్‌స్మృతి పరీక్ష ఇట్టి పద్ధతినే నడచును. పైని మాటలు దానిలోనివి కావు. తీరు తెలియుటకై నేను కూర్చినవి. ఊపిరితిత్తుల కాన్సరు సోకినవారి మెదడునకు కిరణచికిత్స చేయు వైద్యుల వాదోపవాదములలో పెక్కు, గడచిన ఇరువది యేండ్లుగా, ఈ చిన్న పరీక్ష చుట్టును తిరుగుచున్నవి. ఊపిరితిత్తిలో రోగముండగా తలకు చికిత్స యేల, ఆ చికిత్సకు ముందు మాటలు అప్పగింపు మనుట యేల అను సందేహము పాఠకునకు కలుగక మానదు. సమాధానమునకు కొంత చుట్టుదారి నడువవలసి యున్నది.

ఊపిరితిత్తుల కాన్సరులలో నూటికి 15 వంతుల వఱకు 'స్మాల్ సెల్' అను జాతికి చెందినవి. సూక్ష్మదర్శినిలో దీని కణములు చిన్నవిగా, గుంపులు గుంపులుగా కనబడుటచేత ఆ పేరు వచ్చినది. సిగరెట్టు కానిండు, బీడీ కానిండు, చుట్ట కానిండు, పొగాకు పొగయే దీనికి ప్రధాన కారణము. పొగ యెఱుగనివారికి ఈ జాతి రోగము వచ్చుట అరుదు. దీని స్వభావమున ఒక విచిత్రమున్నది. తక్కిన జాతులు మొండికెత్తుచోట ఇది మొదటి కీమోథెరపీకే మంచువలె కరగును. రోగియు బంధువులును గండము గడచెనని ఊరట పొందుచుండగా, కొలది నెలలలోనే వేఱొకచోట తల యెత్తును. అట్లు తల యెత్తు స్థానములలో మెదడు ముఖ్యమైనది.

మెదడులోని సూక్ష్మ రక్తనాళముల గోడలు తక్కిన దేహమునందలి నాళముల గోడల వంటివి కావు. వాని కణములు ఒకదాని నొకటి బిగియ నంటిపెట్టుకొని, రక్తములో కొట్టుకొనివచ్చు పరాయి ద్రవ్యములను లోనికి పోనీయవు. విషముల బారినుండి మెదడును కాపాడుటకు ప్రకృతి వేసిన యీ కంచె, రోగకాలమున ఔషధమునకు సైతము అడ్డు నిలుచును. కంచె దాటి మునుపే లోపల చేరిన రెండు మూడు కణములు, మందు దేహమంతటను గాలించుచుండగా, పుట్టలోని పామువలె నిశ్చింతగా నుండును. ఏ స్కానునకును కనబడనంత చిన్నవగుటచేత, "మెదడులో ఏమియు లేదు" అని వ్రాసియిచ్చిన కాగితమును పూర్తిగా నమ్ముటకు వీలులేదు. కనుక, రోగచిహ్నము కానరాకమునుపే తలకంతటికి తక్కువ మోతాదులో కిరణములు ప్రసరింపజేసి ఆ దాగిన కణములను నశింపజేయుట మేలుగదా అని వైద్యులు తలపోసిరి. మన పల్లెలలో కిరణచికిత్సను 'కరెంటు పెట్టుట' యందురు. జబ్బు లేని తలకు కరెంటు పెట్టుదుమని వైద్యుడు చెప్పునప్పుడు ఆ యింటివారి మొగములలో కలుగు తెల్లబాటు నిర్హేతుకమైనది కాదు.

ఈ తలపు మొట్టమొదట పుట్టినది ఊపిరితిత్తుల విషయమున కాదు; పసిబిడ్డల రక్తకాన్సరు విషయమున. అమెరికాలోని మెంఫిస్ నగరమున 1962లో తెఱువబడిన సెయింట్ జూడ్ ఆసుపత్రికి తొలి అధిపతియైన డొనాల్డ్ పింకెల్, మందులతో రక్తము శుభ్రమైన బిడ్డలలో రోగము మెదడు పొరలనుండి మఱల బయలుదేఱుచుండుట గమనించి, 1967లో ఆరంభించిన చికిత్సాక్రమమున తలకు కిరణములను, వెన్నెముక కాలువలోనికి మెథోట్రెక్సేట్ అను మందును చేర్చెను. అంతవఱకు మరణపత్రమే యనుకొన్న వ్యాధిలో సగముమంది బిడ్డలు బ్రదికి బట్టకట్టిరి. ఈ సందర్భమున ఒక తెలుగువాని పేరు స్మరింపక ముందునకు పోజాలను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, లెడర్లే ప్రయోగశాలలలో పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా వెలువడిన ఫోలిక్ ఆమ్ల ప్రతిరోధకములే బోస్టనులో సిడ్నీ ఫార్బర్ చేతిలో రక్తకాన్సరు బిడ్డలకు తొలి ఉపశమనము నిచ్చినవి. ఆ కుదురులోనిదే మెథోట్రెక్సేట్.

బ్రదికిన బిడ్డలు బడికి పోయిరి. అప్పుడు మఱొక సంగతి బయటపడెను. తలకు కిరణములు తగిలిన పిల్లలలో పలువురు, ముఖ్యముగా మిక్కిలి పసితనమున చికిత్స పొందినవారు, చదువులో వెనుకబడిరి. శ్రద్ధ నిలువక, నేర్చినది నిలువక తల్లిదండ్రులు తల్లడిల్లిరి. ప్రాణము నిలిపిన చికిత్స బుద్ధిని కొంత హరించెనని అంగీకరించుటకు వైద్యలోకమునకు కాలము పట్టినది. అంగీకరించిన తరువాత మాత్రము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మోతాదు తగ్గించుచు, వెన్నుకాలువలోని మందును బలపఱచుచు వచ్చి, కడకు ఆ సెయింట్ జూడ్ ఆసుపత్రియే తలకు ముందుజాగ్రత్త కిరణములను పూర్తిగా విడిచి, 498 మంది బిడ్డలకు చికిత్స చేసి, ఐదేండ్లకు నూటికి 93 మందికి పైగా సజీవులై యుండిరని 2009లో ప్రకటించినది. ఊపిరితిత్తుల వైద్యము ఇప్పు డదే దారిలో, ఇంకను నడుమ నున్నది.

ఆ దారిలోని మైలురాళ్ళను కొన్ని చూతము. పారిస్ చెంతనున్న గుస్తావ్ రూసీ సంస్థకు చెందిన ఓపెరిన్ మొదలగువారు ఏడు పరీక్షల ఫలితములను ఒక్కచోట చేర్చి 1999లో ప్రకటించిరి. ఛాతిలోని రోగము పూర్తిగా కరగిపోయిన 987 మంది రోగులలో, తలకు కిరణములు పొందనివారికి మూడేండ్లలో మెదడునకు రోగము ప్రాకుట నూటికి 58.6 కాగా, పొందినవారికి 33.3 మాత్రమే. మూడేండ్లు జీవించినవారి సంఖ్య 15.3 నుండి 20.7కు పెరిగెను. నూటికి ఐదుగురు అదనముగా బ్రదుకుట చిన్న మాట కాదు. ఆ యైదుగురిలో మనవారుండవచ్చును. మోతాదు పెంచినచో ఫలము పెరుగునేమో యని 720 మందిపై జరిపిన మఱొక పరీక్ష, 25 గ్రేల (కిరణముల మోతాదును కొలుచు ప్రమాణము గ్రే) కంటె 36 గ్రేల వలన మేలేమియు లేదని 2009లో తేల్చినది; సరికదా, ఎక్కువ మోతాదు పొందినవారిలో మరణములు కొంత హెచ్చెను. నాటినుండి పది రోజులలో 25 గ్రేలు అనునది వాడుకయైనది. దేహమంతటను రోగము వ్యాపించినవారికి సైతము ఈ చికిత్స ఆయువును పెంచునని 2007లో ఐరోపా పరిశోధకులు చెప్పగా, 2017లో జపాను పరిశోధకులు దానిని కాదనిరి. ముందుగా ఎం.ఆర్.ఐ. తీసి మెదడు నిర్మలమని నిశ్చయించుకొని, తరువాతను మూడేసి నెలల కొకసారి తీయుచు కనిపెట్టియున్నచో, కిరణములు పొందినవారి కంటె పొందనివారు తక్కువకాలము బ్రదుకలేదని వారి 224 మంది రోగుల అనుభవము. ఐరోపా పరీక్షలో అందఱికిని ముందుగా స్కాను తీయలేదు. రెండు ఫలితముల భేదమునకు ఇదియే ముఖ్యకారణమని పలువురి అభిప్రాయము, నాకును అదియే యుక్తముగా తోచుచున్నది.

లాభమిట్లుండగా నష్టమెట్టిదో చూడవలెను. పుస్తకములలోని పట్టికలకంటె ఒక యింటిని ఊహించుకొనుట మేలు. అరువదిరెండేండ్ల చిల్లరకొట్టు యజమాని ఒకడున్నాడనుకొందము. ఊరిలో ఏ గడపవారు ఏ నెల ఎంత బాకీ యున్నారో ఖాతాపుస్తకము తెఱువకయే చెప్పగలవాడు. చికిత్స ముగిసినది, జుట్టు మఱల మొలిచినది, ఆకలి పుట్టినది, ఛాతి స్కాను శుభ్రముగా నున్నది. కాని నాలుగవ నెలలో, వడ్డించిన విస్తరి ముందు కూర్చుండి, "పెద్దబ్బాయి ఫోను చేశాడా?" అని అడుగును. చేసినాడని భార్య చెప్పును. ముద్ద నోట బెట్టుకొని మఱల అదే యడుగును. మాత్ర వేసికొన్నది మఱచి మఱొకటి వేసికొనబోగా, కోడలు సీసా పట్టుకొని, "మామయ్యగారూ, ఇందాకే కదా వేసుకున్నారు" అని మెల్లగా చెప్పును. నలువదేండ్ల నాటి పెండ్లి ముచ్చట పొల్లుపోకుండ చెప్పగలడు. నేటి యుదయము వచ్చిన చుట్టము పేరు చెప్పలేడు. పాతది చెక్కుచెదరక, క్రొత్తది నిలువకపోవుట యీ నష్టమునకు ముఖ్య లక్షణము. అందఱికిని ఇట్లగునని కాదు. వయస్సు మీఱినవారికి, ఎక్కువ మోతాదు పొందినవారికి ప్రమాద మధికము. కీమోథెరపీ, దిగులు, నిద్రలేమి, పొగవలన పాడైన రక్తనాళములు కూడ జ్ఞాపకమును తినివేయును గనుక, దోషమంతయు కిరణములపై మోపుట న్యాయము కాదు. అయినను కిరణములకు వాటా కలదనుట నిశ్చయము.

క్రొత్తది మాత్రమే యేల జారిపోవును? చెవుల పైభాగపు తిన్నని గీటు వెంట లోనికి పోయినచో, మెదడు అడుగున కుడియెడమల చిటికెనవ్రేలి పొడవున వంకర తిరిగిన రెండు చిన్న భాగములున్నవి. 1587లో బొలోన్యా నగరపు శరీరశాస్త్రవేత్త ఆరాంజీ వాని ఆకారము సముద్రాశ్వమను చిన్న చేపను పోలియున్నదని హిప్పోక్యాంపస్ అని పేరిడెను. అది చేయు పని యేమియో నాలుగు శతాబ్దములకు దగ్గఱగా ఎవ్వరికిని స్పష్టముగా తెలియదు. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున, మూర్ఛలతో బాధపడుచున్న హెన్రీ మొలైసన్ అను ఇరువదియేడేండ్ల యువకునకు, రెండు వైపుల ఆ భాగమును శస్త్రవైద్యుడు స్కోవిల్ తొలగించెను. మూర్ఛలు తగ్గినవి, కాని ఆ యువకుడు నాటినుండి 2008లో మరణించువఱకు క్రొత్తగా కలిసిన మనుష్యుని మఱునాడు గుర్తింపలేదు. ముప్పదియేండ్లు తన్ను పరీక్షించిన బ్రెండా మిల్నర్ ఎదుట వచ్చి నిలుచున్నప్పు డెల్లను ఆమె యతనికి క్రొత్త మనిషియే. బాల్యపు సంగతులు మాత్రము చెప్పగలిగెను. జ్ఞాపకములు కడకు చేరు ధాన్యాగారము వేఱు, లోనికి తీసికొని కొలిచి పంపు కల్లము వేఱు అని, ఆ యొక్కని దురదృష్టము లోకమునకు నేర్పినది.

ఈ కల్లములో మఱొక విశేషమున్నది. మెదడు కణములు పుట్టుకతో వచ్చినవే గాని క్రొత్తవి పుట్టవని చిరకాలము నమ్మిరి. హిప్పోక్యాంపస్‌లో పెద్దవారికి సైతము క్రొత్త నాడీకణములు పుట్టుచున్నవని 1998లో స్వీడను, అమెరికా దేశముల పరిశోధకులు చూపిరి. విభజన చెందు కణములను చంపుటయే కిరణముల స్వభావము; కాన్సరు కణమును చంపునట్టి కిరణమే ఈ లేత కణములను కూడ చంపును. 2002లో మిషెల్ మోంజె మొదలగువారు ఎలుకల తలలకు కిరణములు ప్రసరింపజేసి చూడగా, మూలకణములు తగ్గుటయే గాక, చుట్టును చెలరేగిన వాపువలన, మిగిలినవి కూడ నాడీకణములుగా ఎదుగుట మానెనని కనుగొనిరి. విత్తనము చెడుట ఒక యెత్తు, నేల చెడుట ఒక యెత్తు. అందుచేత స్వల్పమైన మోతాదే ఈ చిన్న భాగమునకు పెద్ద హాని యగుచున్నదని అర్థమైనది.

అర్థమైన వెంటనే ఒక సహజమైన యూహ పుట్టినది: తలకంతటికి కిరణములు పంపుచు, ఈ రెండు వ్రేళ్ళంత చోటు మాత్రము తప్పించరాదా? తప్పించినచో అక్కడ దాగిన రోగము మిగిలిపోదా అని ఎదురు ప్రశ్న. అమెరికాలో గొండి, టోమే, మెహతా మొదలగువారు 371 మంది రోగుల మెదళ్ళలోని 1,133 గడ్డలను లెక్కించి చూడగా, హిప్పోక్యాంపస్‌కు 5 మిల్లీమీటర్లలోపున నున్నవి నూటికి 3 మాత్రమే. రోగమునకు ప్రియము కాని చోటును విడిచిపెట్టుట వలన నష్టము స్వల్పమని ధైర్యము కలిగినది.

ఆ తప్పించుట యెట్లో కొంచెము దగ్గఱగా చూడదగును. ముందుగా రోగిని వెల్లకిల పరుండబెట్టి, వేడినీటిలో మెత్తబడిన జాలివంటి ప్లాస్టిక్ రేకును మొగముపై పఱచుదురు. వేడితువాలు కప్పినట్లుండును. ఇద్దఱు సాంకేతికులు నుదురు, ముక్కు, గడ్డము వెంట వ్రేళ్ళతో అదుముచు, "బాబాయిగారూ, కదలకండి, ఊపిరి మామూలుగానే తీసుకోండి" అని చెప్పుచుందురు. కొలది నిమిషములలో ఆ రేకు చల్లారి గట్టిపడి రోగి మొగమునకే అచ్చుపోసిన తొడుగగును. ప్రతిదినము చికిత్స వేళ దానిని బల్లకు బిగింతురు. తల ఒక వెంట్రుకవాసి జరిగినను లెక్క తప్పును. తరువాత ఎం.ఆర్.ఐ.లో మిల్లీమీటరున్నర మందమునకు మించని పొరలుగా మెదడు చిత్రములు తీసి, సి.టి. స్కాను చిత్రములపై వానిని సరిపెట్టి, వైద్యుడు కంప్యూటరు తెఱపై ఒక్కొక్క పొరలో హిప్పోక్యాంపస్ అంచును చేతితో గీయును. ఈ గీత గీయుట నేర్చిన విద్య. బూడిదరంగు పొరల నడుమ ఎచ్చట తోక ముగిసినదో, ఎచ్చట ప్రక్క భాగము మొదలైనదో కనుగొనుటకు అనుభవము కావలెను. ఆ గీతకు చుట్టును 5 మిల్లీమీటర్ల కట్ట వేయుదురు. యంత్రపు శిరస్సు రోగి చుట్టును తిరుగుచుండగా, దాని నోటిలోని సన్నని లోహపు రేకులు క్షణక్షణము జరుగుచు కిరణపుంజమును మలచును. మెదడునకు 30 గ్రేలు చేరు పద్ధతిలో, హిప్పోక్యాంపస్‌లో ఏ బిందువునకును 16 గ్రేలు మించకుండ, దానియందు 9 గ్రేలకు లోబడిన చోటు కొంతయైన నుండునట్లు లెక్క కట్టుదురు. పూర్తిగా చీకటి చేయుట సాధ్యము కాదు, నీడ పట్టుట సాధ్యము.

ఈ నీడ పట్టుట వలన ఫలమెంత? ఇచ్చట నిజమును దాచక చెప్పవలెను. ఎందుకనగా ఫలితములు ఒక్క త్రాటిపై నడువలేదు. మెదడులో గడ్డలు ఏర్పడినవారిపై జరిపిన మొదటి పెద్ద ప్రయత్నము 2014లో వెలువడినది: నాలుగు నెలలకు మాటల జ్ఞాపకము తగ్గుట, పాత రోగుల లెక్కలో నూటికి 30 కాగా, నీడ పట్టినవారిలో 7 మాత్రమే యయ్యెను. అది ప్రక్కప్రక్కన నిలిపి పోల్చిన పరీక్ష కాదు. 2020లో వచ్చిన దట్టిది. 518 మందిని చీటీలు వేసినట్లు రెండు గుంపులుగా విభజించి పోల్చగా, నీడ పట్టుటవలన మేధాశక్తి క్షీణించు ప్రమాదము నాల్గవ వంతునకు పైగా తగ్గెనని తేలినది. ఇంతవఱకు సంతోషమే. కాని వీరు మెదడులో రోగమున్నవారు. మన వ్యాసవిషయమైన ముందుజాగ్రత్త చికిత్సలో ఏమయ్యెను?

2021లో రెండు చోట్లనుండి రెండు సమాధానములు వచ్చినవి. స్పెయినులో 150 మందిపై జరిపిన ప్రెమెర్ అను పరీక్షలో, మూడు నెలలకు ఆలస్యస్మృతి, అనగా కొంతసేపటి తరువాత అప్పగించు జ్ఞాపకము, గట్టిగా దిగజారినవారు సాధారణ పద్ధతిలో నూటికి 23.5, నీడ పట్టిన పద్ధతిలో 5.8. మెదడులో రోగము తిరుగబెట్టుట రెండు గుంపులలోను భేదింపలేదు. అదే యేడు నెదర్లాండ్సు, బెల్జియములలో 168 మందిపై జరిపిన పరీక్షలో, నాలుగు నెలలకు జ్ఞాపకము తగ్గినవారు ఒక గుంపున నూటికి 29, మఱొక గుంపున 28. భేదము లేదనియే చెప్పవలెను. వాడిన పరీక్షలు వేఱు. లెక్క పెట్టిన మెట్టు వేఱు. ఒకరు కొంతసేపటి తరువాతి అప్పగింతను కొలువగా, మఱొకరు వెంటనే మూడుసారులు చెప్పిన మాటల మొత్తమును కొలిచిరి. హిప్పోక్యాంపస్ చేయు పని మొదటిదానిలో ఎక్కువగా బయటపడును. అమెరికాలో 393 మందిపై జరిపిన తరువాతి పరీక్ష ఈ చిక్కును పూర్తిగా విప్పలేదు గాని ఒక వైపునకు మొగ్గినది: ఆఱవ నెలలో ఆలస్యస్మృతి నొక్కదానినే చూచినచో నిశ్చితమైన భేదము కానరాలేదు, జ్ఞాపకము, శ్రద్ధ, వేగము మొదలగు పరీక్షల నన్నింటిని కలిపి చూడగా క్షీణత ప్రమాదము ఐదవ వంతునకు పైగా తగ్గెను. రోగము తిరుగబెట్టుట హెచ్చలేదు. నా తీర్పు అడిగినచో, ఇది సంపూర్ణమైన కవచము కాదు, అయినను ధరింపదగిన కవచమే; హాని కనబడక మేలునకు ఆస్కారమున్న చోట, యంత్రమును నేర్పును అందుబాటులో నున్నచో, దానిని కాదనుటకు నాకు కారణము కనబడదు.

మెమాంటిన్ అను మాత్ర మఱొక సాయము. మతిమఱుపు వ్యాధికి వాడు మందిది. కిరణములు తగిలిన కణజాలమున గ్లుటమేట్ అను ద్రవ్యము మితిమీఱి నాడీకణములను అలయజేయును; ఆ ద్రవ్యము తాకు ద్వారమును ఈ మందు కొంత మూసియుంచును. 508 మందిపై జరిపి 2013లో ప్రకటించిన పరీక్షలో, ముఖ్యముగా చూడదలచిన ఆలస్యస్మృతి విషయమున ఫలము నిశ్చయపు గీటునకు వెంట్రుకవాసి దూరమున ఆగిపోయినను, మేధాక్షీణత ఆరంభమగుటను ఈ మందు వాయిదా వేసినది. కిరణచికిత్స మొదలైన మూడు దినములలోపున ఆరంభించి, వారవారము కొంచెము పెంచుచు, దినమునకు 20 మిల్లీగ్రాముల వఱకు, మొత్తము 24 వారములు ఇచ్చిరి. మూత్రపిండములు బలహీనముగా నున్నవారికి మోతాదు తగ్గింపవలసి యుండును గనుక, దుకాణమున కొని సొంతముగా వాడదగిన మందు కాదు.

ఇవన్నియు చికిత్స చేయుదుమని నిశ్చయించుకొన్న తరువాతి మాటలు. అసలు చేయకయే, మూడేసి నెలల కొకసారి ఎం.ఆర్.ఐ. తీయుచు, రోగము కనబడిననాడే చిన్న గడ్డపై గుఱిచూచి కిరణములు ప్రయోగించిన చాలదా? జపాను ఫలితము వచ్చినది మొదలు ఈ ప్రశ్న బలపడినది. అమెరికాలో మావెరిక్ అను పేర, ఐరోపాలో ప్రైమాలంగ్ అను పేర దీనికై పెద్ద పరీక్షలు నడచుచున్నవి. అయితే కనిపెట్టుదారి మాట తేలిక, ఆచరణము కష్టము. మూడు నెలల కొకసారి పట్టణమునకు పోయి, స్కానునకు డబ్బు కట్టి, దానిని చదువగల నిపుణుని చూడగలిగినవారికే అది దారి. బస్సు ఖర్చులకే అప్పు చేయువానికి అది పేరునకు మాత్రమే దారి. ఒకనికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి యైన చోట వైద్యుడు తానొక్కడే నిర్ణయించుట తగదు. మెదడులో రోగము పుట్టినచో వచ్చు తలనొప్పి, పక్షవాతము, మూర్ఛలు ఎట్టివో, జ్ఞాపకము జారినచో వచ్చు పరాధీనత యెట్టిదో రెండును రోగికే విడమఱచి చెప్పి, ఆతడు దేనికి ఎక్కువ భయపడుచున్నాడో వినవలెను. కొట్టు కట్టిపెట్టి మనుమలతో నాలుగేండ్లు గడిపిన చాలుననువాడొకడు. పేర్లు మఱచి పడియుండుటకంటె కొన్నినెలలు తక్కువైనను మేలే యనువాడొకడు. ఇద్దఱివి న్యాయమైన కోరికలే. ఇంటివారు సంగతి దాచి, "ఏమీ లేదు నాన్నగారూ, బలానికి కరెంటు" అని చెప్పుట ప్రేమచేతనే కావచ్చును. కాని దానివలన, తన మనస్సునకు సంబంధించిన నిర్ణయము ఆయన మనస్సునకు తెలియకుండ జరిగిపోవును.

ఇక నేను గట్టిగా చెప్పదలచిన యొక్క మాట మిగిలినది. పై పరీక్షలన్నియు ముందు కొలిచి తరువాత కొలుచుటవలననే ఏదో యొకటి చెప్పగలిగినవి. చికిత్సకు ముందు జ్ఞాపక మెంత యుండెనో వ్రాసియుంచనిచో, ఆఱు నెలల తరువాత తగ్గెనో లేదో, వయస్సువలన తగ్గెనో దిగులువలన తగ్గెనో ఎవ్వరును చెప్పజాలరు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యగును. ఈ కొలతకు పెద్ద యంత్రము అక్కఱలేదు. ఒక గది, ఒక కాగితము, శిక్షణ పొందిన మనిషి, అరగంట కాలము చాలును. తెలుగువానిని ఇంగ్లీషు మాటలతో పరీక్షించిన ప్రయోజనము లేదు. ఆతని మాటలతో, ఆతని చదువునకు తగిన కొలమానముతో పరీక్షింపవలెను. ఈ కొఱత తీర్చుటకే భారతీయ వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలలో మేధాపరీక్షల కూర్పు నొకదానిని సిద్ధపఱచినది. మతిమఱుపు వ్యాధిగ్రస్తులకై వచ్చిన ఆ సాధనము కాన్సరు విభాగముల గడప కూడ దాటవలెనని నా కోరిక.

మీ యింటిలో ఎవరికైనను తలకు ముందుజాగ్రత్తగా కిరణచికిత్స చేయుదమని వైద్యులు చెప్పినచో, మొగమునకు తొడుగు పోయు దినమునకు ముందే వారిని మర్యాదతో అడుగుడు: మాకు చికిత్స కావలెనా, స్కానులతో కనిపెట్టియుండుట చాలునా? చేయుదురేని హిప్పోక్యాంపస్‌ను తప్పింపగలరా? మెమాంటిన్ మాకు తగునా? మా పెద్దాయన జ్ఞాపకమును తెలుగులో ముందుగా పరీక్షింతురా? నాలుగవ ప్రశ్నకు అవునని సమాధానము వచ్చినచో, ఆ పరీక్ష ఫలితపు నకలు ఒకటి అడిగి తీసికొని, స్కాను చిత్రములతో బాటు ఇంట భద్రముగా ఉంచుకొని, ఆఱవ నెలలో తప్పక వెంట తీసికొని పొండు.